46 వేల ల్యాప్‌టాప్, 7 వేల పన్ను

2023 ఆగస్టు 3, గురువారం. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుంచి ఒక నోటిఫికేషన్ వెలువడింది. ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, కొన్ని రకాల కంప్యూటర్ల దిగుమతికి ఇకపై లైసెన్సు తప్పనిసరి. ఉత్తర్వు తక్షణమే అమల్లోకి వస్తుంది. దేశ భద్రత అన్నది పైకి చెప్పిన కారణం. చైనా సరుకుపై ఆధారపడటం తగ్గించి, తయారీని దేశంలోకి రప్పించాలన్న ఆలోచన దాని వెనుక స్పష్టంగానే కనిపించింది.

మరునాడు ఉదయం ఢిల్లీ నెహ్రూ ప్లేస్ మెట్రో స్టేషన్‌లో ఖమ్మం నుంచి వచ్చిన ఒక తండ్రీ కూతురూ దిగారు. అప్పటికి వారికి ఆ నోటిఫికేషన్ సంగతి తెలియదు.

ఆయన ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకుడు. కూతురికి ఢిల్లీలోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. అర్థశాస్త్రంలో సీటు వచ్చింది. చీటీ పాడి తెచ్చిన 60 వేలలో హాస్టలు డిపాజిట్టు, మెస్సు అడ్వాన్సు, రాకపోకల ఖర్చులు పోగా ల్యాప్‌టాప్‌కు మిగిలినవి 48 వేలు. అంతకు మించి మరో వెయ్యి తేగల మార్గం ఆయనకు లేదు. ఆదివారం ఉదయం తిరుగు రైలు. ఆదివారం ఆ మార్కెట్టుకు సెలవు. అంటే వారి చేతిలో ఉన్నవి శుక్ర, శనివారాలు మాత్రమే.

మొదటి దుకాణంలోనే నోటిఫికేషన్ వారికి ఎదురైంది. "అంకుల్, నిన్న సర్కారు దిగుమతులు ఆపేసింది. సోమవారం నుంచి ఇదే మాల్ అయిదు వేలు ఎక్కువ. ఈ ధర ఇవాళ్టితో సరి" అన్నాడు కుర్ర దుకాణదారు. వెండి రంగులో సన్నగా మెరుస్తున్న యంత్రం ఒకటి ముందు పెట్టాడు. పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర 68,990. దాన్ని కొట్టేసి పక్కన పెన్నుతో 47,500 అని రాసి ఉంది. బ్యాగు, మౌసు, హెడ్‌ఫోన్లు ఉచితం. ప్రాసెసర్ పేరు రైజెన్ 5 7520యు. "7తో మొదలైంది చూడండి, ఈ ఏడాది సరుకు. ఆ పక్కనున్నది 5తో మొదలవుతుంది, పాతది" అని వివరించాడు.

తండ్రి చెయ్యి అప్పటికే ఫోను మీదికి పోయింది. ఆయన తొందరపాటు మనిషి కాదు. కానీ 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 నోట్లు చెల్లవన్న ప్రకటన వచ్చిన తర్వాత ఎన్ని రోజులు బ్యాంకు వరుసల్లో నిలబడ్డాడో ఆయనకు గుర్తుంది. ఉత్తర్వు రాత్రికి రాత్రే వస్తుందనీ, దాని వివరణ మాత్రం సామాన్యుడిదాకా తీరిగ్గా వస్తుందనీ అనుభవం నేర్పింది. అలాంటివాడికి దుకాణదారు మాట బెదిరింపులా వినిపించలేదు, ముందుజాగ్రత్తలా వినిపించింది.

"నాన్నా, ఈ ఒక్క రాత్రి ఆగుదాం. అక్కను అడిగి రేపు తీసుకుందాం" అంది కూతురు.

"రేపటికి ధర పెరిగితే మిగతా డబ్బు ఎక్కడి నుంచి తేనమ్మా?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర సమాధానం లేదు. అయినా దుకాణం బయటికి నడిచింది. తండ్రి వెనుదిరిగి చూస్తూనే ఆమె వెంట వచ్చాడు.

అక్క అంటే అదే విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న నెల్లూరు అమ్మాయి. మహిళా హాస్టల్లోకి తండ్రికి ప్రవేశం లేదు కనుక ఆ సాయంత్రం ముగ్గురూ గేటు బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. ధర ఎంత, కంపెనీ ఏది అని ఆమె అడగలేదు. "దీంతో ఏం పని చేస్తావు?" అని అడిగింది. వ్యాసాలు రాయాలి, సర్వే గణాంకాలు విశ్లేషించాలి, ఆన్‌లైన్ పాఠాలు వినాలి, రేపు ఉద్యోగ పరీక్షలకు దరఖాస్తులు పెట్టాలి. ఆటలు ఆడే పని లేదు, వీడియోలు కూర్చే పని లేదు. "అయితే గ్రాఫిక్స్ కార్డుకూ టచ్ స్క్రీన్‌కూ పెట్టే ప్రతి రూపాయీ వృథా. ఆ డబ్బు మెమరీకి పెట్టు" అంది.

తర్వాత ఒక్కొక్కటే విడమరచింది. ర్యామ్ 8 జీబీ ఉంటే ఈ ఏడాది గడుస్తుంది. పది పేజీల బ్రౌజరు, గణాంకాల సాఫ్ట్‌వేరు ఒకేసారి తెరిస్తే చాలదు. 16 కావాలి. ఇప్పుడే 16 కొనే స్తోమత లేకపోతే, తర్వాత పెంచుకోవడానికి ఖాళీ స్లాటైనా ఉండాలి. మదర్‌బోర్డుకే అతికించేసిన మెమరీ అయితే, కొన్న రోజున ఎంత ఉందో పారేసే రోజునా అంతే. పాత పద్ధతి హార్డ్‌డిస్క్ వద్దు. ఎస్ఎస్‌డీ 512 జీబీ చాలు. తెర ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్‌ది కావాలి. దుకాణంలోనే మూతను ముందుకూ వెనక్కూ వంచి చూస్తే, నాసిరకం తెరలో రంగులు తారుమారవుతాయి. రోజుకు ఎనిమిది గంటలు దాని ముందు కూర్చునే కళ్ళకు ఉచిత బ్యాగు కన్నా ఆ పరీక్ష ముఖ్యం.

ఇక ప్రాసెసర్. తండ్రి ఆ 7 సంగతి ఎత్తాడు. ఆమె నవ్వింది.

"ఎన్నికల ముందు కండువా మార్చుకున్న నాయకుడిలాంటిది బాబాయ్ గారూ. కండువా కొత్తదే, మనిషి పాతవాడే."

ఆ వరుస పేర్లలో మొదటి అంకె కేవలం సంవత్సరాన్ని సూచిస్తుంది. లోపలి నిర్మాణం ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. 7520లో అది 2. అంటే 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు. దుకాణదారు పాతదని పక్కకు నెట్టిన 5625 ముందటి పేర్ల పద్ధతిలోనిది. దాని లోపల ఉన్నది జెన్ 3, కోర్లు ఆరు. అంకె చిన్నది, పని పెద్దది. 7520 చెడ్డదేమీ కాదు, తేలికపాటి పనులకు సరిపోతుంది. కానీ దానికి అతికించిన మెమరీయే వస్తుంది. ఇంటెల్‌లోనూ ఇలాంటి చిక్కులున్నాయి. ఐ5 అన్న మాట ఒక్కటే ఏమీ చెప్పదు. ఏ తరమో, సంఖ్య చివరి అక్షరం పొదుపును చెప్పే యు నో బలాన్ని చెప్పే హెచ్ నో చూడాలి.

ఆమె వాడుతున్నది మాత్రం కార్పొరేట్ కార్యాలయం నుంచి తిరిగివచ్చిన పాత యంత్రాన్ని బాగుచేసి అమ్మినది. ధర 22 వేలు. మూడేళ్ళుగా నడుస్తోంది. ఆ మార్గం ఎందుకు కాకూడదని కూతురు అడిగింది. "కావచ్చు. కానీ బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందో తెలియదు, వారంటీ నెలల్లోనే అయిపోతుంది. ఇంటెల్‌దైతే ఎనిమిదో తరానికి ముందుదానికి విండోస్ 11 అధికారికంగా రాదు. పాడైతే ఎక్కడ బాగుచేయించాలో నాకు తెలుసు. నువ్వు ఊరికి కొత్త. మొదటి రెండేళ్ళు నీకు మరమ్మతు ఖర్చు రాకూడదు" అంది. తండ్రి తల ఊపాడు. ఆయనకు బాగా అర్థమైన వాక్యం అదే.

ఈ దేశంలో ల్యాప్‌టాప్ గురించి రాజకీయం రెండు భాషల్లో మాట్లాడుతూ వచ్చింది. ఒకటి పంపిణీ భాష. 2011లో కేంద్రం ఆకాశ్ ట్యాబ్లెట్‌ను విద్యార్థులకు చూపింది. అదే ఏడాది తమిళనాడులో జయలలిత ప్రభుత్వం ఉచిత ల్యాప్‌టాప్‌ల పంపిణీ మొదలుపెట్టింది. తర్వాతి ఏడాది ఉత్తరప్రదేశ్‌లో అఖిలేశ్ యాదవ్ ఆ వాగ్దానంతోనే ఎన్నికలకు వెళ్ళారు. రెండోది కర్మాగారాల భాష. 2023 మే నెలలో కేంద్ర మంత్రివర్గం ఐటీ హార్డ్‌వేర్ ఉత్పత్తి ప్రోత్సాహకాలకు 17 వేల కోట్ల రూపాయలు కేటాయించింది. ఈ రెండు భాషల్లోనూ ఖమ్మం అధ్యాపకుడు లేడు. ఆయన కూతురు ఉచిత పథకంలోకి రాదు. ప్రోత్సాహకం అందుకునేది తయారీదారు. మధ్యలో నిలిచిన కొనుగోలుదారు తన కష్టార్జితంతో, తనకు అర్థం కాని అంకెలను నమ్మి, తనంతట తానే నిర్ణయించుకోవాలి.

అలాంటి ఇళ్ళే ఎక్కువ. 2017–18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పల్లెల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. ఆ తర్వాత రెండేళ్ళకే కరోనా వచ్చి తరగతి గదిని తెర మీదికి మార్చింది. ఈ అమ్మాయి డిగ్రీ మొదటి ఏడాది పాఠాలు తండ్రి ఫోనులో విన్నది. ఆయనకూ అదే ఫోనులో క్లాసులు చెప్పాల్సి వచ్చినప్పుడు, ఎవరో ఒకరు పాఠం వదులుకున్నారు. ఎక్కువగా వదులుకున్నది ఆమే.

అంతలో శుక్రవారం రాత్రి పొద్దుపోయాక మరో నోటిఫికేషన్ వెలువడింది. లైసెన్సు నిబంధన నవంబరు 1కి వాయిదా. అక్టోబరు 31 వరకు దిగుమతులు పాత పద్ధతిలోనే. అక్టోబరులో ఆ లైసెన్సు స్థానంలో, ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుంటే సరిపోయే దిగుమతి నిర్వహణ వ్యవస్థను తెచ్చారు. ఈ వెనుకడుగుకు కారణాలు ఎన్ని చెప్పుకున్నా, ఒక వాస్తవం మారదు. సమాచార సాంకేతిక ఒప్పందంలో 1997లో చేరినందువల్ల ల్యాప్‌టాప్‌పై భారత్ కస్టమ్స్ సుంకం విధించడం లేదు. సుంకం అనే తలుపు మూసి ఉన్నచోట లైసెన్సు అనే కిటికీని వెతికారు. కిటికీ ఒక రోజు తెరుచుకుని మూసుకుంది. ఆ ఒక్క రోజులో, దేశంలోని ఎన్ని దుకాణాల్లో ఎందరు తండ్రులు ఫోను మీదికి చెయ్యి పోనిచ్చి, తమకు అక్కరకు రానిదాన్ని హడావుడిగా కొన్నారో ఏ సర్వేలోనూ నమోదు కాదు.

శనివారం ఉదయం నిన్నటి దుకాణదారు ధర మార్చలేదు. సోమవారం మాటా ఎత్తలేదు. వారు అక్కడ కొనలేదు. నాలుగు దుకాణాలు తిరిగి, 5625యు ఉన్న ఒక యంత్రం దగ్గర ఆగారు. కూతురు మూత వంచి రంగులు చూసింది. ప్రదర్శనలో ఉన్న యంత్రంలో టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ పేజీలో స్లాట్ల లెక్క చూసింది. ఒకటి ఖాళీగా ఉంది. యంత్రం 44,000. ఖాళీ స్లాటులో మరో 8 జీబీకి 1,900. మొత్తం 45,900. బ్యాగు లేదు, మౌసు లేదు. పెట్టె మీదున్న సీరియల్ నంబరూ, యంత్రం అడుగున ఉన్నదీ, బిల్లు మీదిదీ ఒకటేనని సరిచూసుకున్న తర్వాతే డబ్బు చెల్లించారు.

బిల్లును తండ్రి వరుసవరుసగా చదివాడు. వస్తువుల విలువ 38,898. జీఎస్టీ 18 శాతం, 7,002.

"ఈ 7 వేలు మనకు తిరిగి రావా అమ్మా?"

రావు. ఇదే యంత్రాన్ని ఒక కంపెనీ తన ఉద్యోగి కోసం కొంటే, కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్ కింద తన పన్నులో సర్దుబాటు చేసుకుంటుంది. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్ మీద ఏటా 40 శాతం తరుగుదల చూపుకుంటుంది. అది అక్రమం కాదు. చట్టం ఇచ్చిన వెసులుబాటే. కానీ ఎం.ఏ. విద్యార్థిని చేతిలోని యంత్రమూ పనిముట్టే. ఆమె పన్ను మాత్రం విలాస వస్తువు కొన్నవాడి పన్నులాగా అక్కడికక్కడే ముగిసిపోతుంది. చీటీలో ఆయన నెలనెలా కట్టేది 3 వేలు. ఆ లెక్కన ఈ పన్ను రెండు నెలల చీటీకి మించినది.

విద్యార్థి గుర్తింపు కార్డు మీద ఒక ల్యాప్‌టాప్‌కు జీఎస్టీ తగ్గించడం అసాధ్యమైన కోరిక కాదు. అంతకన్నా ఖర్చులేని పని మరొకటుంది. ఫ్రిజ్ మీద నక్షత్రాల గుర్తు ఉంటుంది. అక్షరం రానివారూ వాటిని లెక్కపెట్టి రెండింటిని పోల్చుకోగలరు. ల్యాప్‌టాప్ పెట్టె మీద గరిష్ఠ ధర, తయారైన దేశం ఉండాలని నిబంధన ఉంది. లోపలి ప్రాసెసర్ నిర్మాణం ఏ ఏటిదో, మెమరీ పెంచుకోవచ్చో లేదో ముద్రించాలన్న నిబంధన కూడా ఉంటే, టీ కొట్టు దగ్గర అక్క దొరకని అమ్మాయికీ న్యాయం జరుగుతుంది. ఆమెకు అక్క దొరికింది. అందరికీ దొరకదు.

ఆదివారం ఉదయం స్టేషన్‌లో రైలు కదలడానికి పది నిమిషాల ముందు తండ్రి సంచిలోంచి బిల్లు నకలు తీశాడు. దాని వెనుక ఆ మూడు నాలుగు సంగతులూ రాసిమ్మన్నాడు: మెమరీ స్లాటు, తెర పరీక్ష, మూడో అంకె, సీరియల్ నంబరు. కళాశాలలో గణితం చెప్పే సహోద్యోగి కొడుకు వచ్చే ఏడాది ఇంజనీరింగ్‌లో చేరతాడు. ఆయన చీటీ ఇంకా పాడలేదు.