తెరలేవీ కనబడలేదట!

కంప్యూటరు పాడైతే ఇంట్లో మగవాళ్లు చూస్తారు, లేదంటే షాపుకి పట్టుకెళ్తారు. తణుకులో మా వీధిలోనూ అంతే. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉందంటే రిపేరు కుర్రాడు, "సార్‌ని ఓసారి మాట్లాడమనండి మేడమ్, అది తీసేసి మామూలుది ఎక్కించేస్తా" అన్నాడు. అతనొక్కణ్ణీ అని ఏం లాభం? మనమే అలా అలవాటు చేశాం.

తీసేయడానికి నేను ఒప్పుకోలేదు. కొల్లేరు లంకల్లో చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్లు నాతో చెప్పుకున్న బతుకులన్నీ అందులోనే ఉన్నాయి. 2006లో చెరువు గట్లు కొట్టేసిన రోజుల గురించి, ఆ తర్వాత వలస పోయిన ఇళ్ల గురించి.

జరిగింది ఇదీ. సిస్టమ్ అప్‌డేట్ అయ్యాక, మొదట నాలుగు వరసల అక్షరాలు పరిగెత్తి తెర నల్లబడిపోయేది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే ఉత్త అక్షరాల తెర వచ్చింది. ఫైళ్లు పదిలంగానే ఉన్నాయి. కానీ తెలుగులో పెట్టుకున్న ప్రతి పేరూ వరసగా గళ్లే! ఆకివీడు ఏదో, కైకలూరు ఏదో తెలీదు.

ఆ నల్ల తెర ఒకేసారి 512 అక్షర రూపాలకు మించి పట్టదు. వాటిని పక్కపక్కన పేర్చడమే దానికి తెలుసు. మన గుణింతాలు పైకెక్కాలి, వత్తులు కిందికి దిగాలి. ఆ పని హార్ఫ్‌బజ్ లాంటి సాఫ్ట్‌వేర్ బొమ్మల తెర మీద చేస్తుంది. యూనికోడ్ 1991లోనే తెలుగుకి చోటిచ్చింది. చోటుండడం వేరు, కనబడడం వేరు. బొమ్మల తెర పోతే ఇంగ్లీషు వాళ్లకి పోయేది సౌకర్యం, మనకి పోయేది భాషే.

లినక్స్‌లో చాలాకాలం తెరను నడిపించింది 1984లో ఎం.ఐ.టి.లో పుట్టిన ఎక్స్ విండో. నా ల్యాప్‌టాప్‌లో ఇప్పటికీ అదే. తాను చేసిన ప్రతి పనినీ అది చిట్టాలో రాసుకుంటుంది. తప్పు జరిగిన చోట 'ఈఈ' అని గుర్తు పెడుతుంది. ఆ గుర్తున్న వరసలు మాత్రం ఏరి చదివాను. గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కలేదట. చివరి వరస, 'తెరలేవీ కనబడలేదు.' ఎదురుగా ఇంత తెర పెట్టుకుని!

కారణం చిన్నదే. అప్‌డేట్‌తో కొత్త కెర్నల్ వచ్చింది. ఈ డ్రైవర్ లోపలి కోడ్‌ని తయారుచేసిన కంపెనీ దాచుకుంటుంది కాబట్టి అది కెర్నల్‌లో భాగం కాదు. కెర్నల్ మారినప్పుడల్లా దానికి సరిపడేలా మళ్లీ కట్టుకోవాలి. అందుకు కావలసిన హెడర్ ఫైళ్లు ఈసారి రాలేదు. మెషీన్ మొదలయ్యే మెనూలో పాత కెర్నల్ ఎంచుకోగానే తెలుగు తిరిగొచ్చింది. హెడర్లు ఎక్కించి, డ్రైవర్ మళ్లీ కట్టిస్తే కొత్తదీ పనిచేసింది.

పాలిటెక్నిక్ చదివే పక్కింటి అమ్మాయి అడిగింది, "ఎవరు నేర్పారు పిన్నీ?" అని. "అదే రాసి పెట్టిందమ్మా, చదివానంతే" అన్నాను. ఈ లోకంలోనూ ఆడవాళ్లకి చోటు అడిగి తీసుకోవాల్సే వచ్చింది. డెబియన్ ఉమెన్ అనే బృందం 2004లో పుట్టింది అందుకే.

తిరిగి తెరుచుకున్న మొదటి ఫైల్లో ఒకామె మాట ఉంది. "లిస్టులో మా ఆయన పేరే ఉందమ్మా. నీళ్లలో నేనూ దిగాను కదా!"

కనబడలేదని రాసి ఉన్నంత మాత్రాన లేనట్టు కాదు. చూడవలసినది ఏది ఎక్కలేదో వెతకాలి.