అరకు మలుపుల్లో పట్టాల నాడి
విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో అందరి చూపూ లోయలమీదే. సొరంగం వస్తే పిల్లల కేరింతలు! ఆ సంబరం క్షేమంగా సాగాలంటే కిందున్న పట్టాలు పదిలంగా ఉండాలి. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ మార్గమిది. ఘాట్ నిండా మలుపులే. అక్కడ చక్రాల అంచులు బయటివైపు పట్టాను ఒరుసుకోవడంతో అది త్వరగా అరుగుతుంది. అన్నిచోట్లా ఒకేసారి మార్చాలంటే ఖర్చు తడిసిమోపెడు. వదిలేస్తే ప్రాణాలకే ముప్పు. మరెలా? కీమన్ పట్టాల వెంట నడుస్తూ బిగింపులు చూస్తాడు. పట్టాల మధ్య ఉండాల్సిన 1,676 మిల్లీమీటర్ల దూరం మారిందా, ఎత్తుపల్లాలున్నాయా అన్నది కొలతల బండి నమోదుచేస్తుంది. ఆ లెక్కల్ని పాతవాటితో పోలిస్తే ఏ మలుపు వేగంగా పాడవుతోందో తెలిసిపోతుంది. ముందుగా మరమ్మతు దానికే!