మాటియ్యకు, ఒచ్చీ

లంకెలపాలెం జంక్షన్‌లో బస్సు దిగి పరవాడ వైపు షేర్ ఆటో ఎక్కాను. చేతిలో కిలో స్వీట్ల ప్యాకెట్ ఉంది కానీ, వెళ్ళి ఏం చెప్పాలో మాత్రం తెలీదు. "క్రిస్మస్‌కి తప్పకుండా వస్తానత్తా" అని చెప్పి, రెండేళ్ళ తర్వాత వెళ్తున్నాను మరి.

2023 మే. ఇంటర్ ఫస్టియర్ అయిపోయింది. పది రోజుల వీబీఎస్ కోసం మా చర్చి యూత్ టీమ్‌ని ముత్యాలమ్మపాలెం పంపించారు. పిల్లలకి పాటలు, కథలు నేర్పించాలి. పాస్టర్ గారి ఇల్లు చిన్నది కాబట్టి నన్నూ ఇంకో ఫ్రెండ్‌నీ పక్కింట్లో పెట్టారు. వాళ్ళు క్రైస్తవులు కాదు, గంగమ్మని కొలుస్తారు. మొదటి రోజు "ఆంటీ" అన్నాను. "ఆంటీ ఏటి, అత్తా అను" అంది.

అది వేట నిషేధం టైమ్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరపడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. మావయ్య ఇంటి ముందు కూర్చుని వలలు బాగుచేసుకునేవాడు. వేట లేకపోతే డబ్బులు కూడా ఉండవని నాకు అప్పుడు తట్టలేదు. రెండు పూటలా కడుపునిండా తిన్నాం.

అసలు పరువు పోయింది కథ చదివేటప్పుడు. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగిపోతుంటే పిల్లలంతా ఒకటే నవ్వు. ఆ రాత్రి అత్త కూతురు, అప్పుడే ఎనిమిదో తరగతి అయిన పిల్ల, తన తెలుగు వాచకం తెచ్చి నా ముందు పెట్టింది. "అన్నియ్యా, నువ్వు సదువు, నేను దిద్దుతాను." పగలు నేను టీచర్‌ని, రాత్రి స్టూడెంట్‌ని. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, డెస్ గ్రాంజెస్ కూడా ముందు తెలుగు నేర్చుకోవడానికే కూర్చున్నారని తర్వాత చదివాను. కొంచెం ఓదార్పుగా అనిపించింది.

ఆ తర్వాత కోచింగ్, పరీక్షలు. అనుకున్న ర్యాంక్ రాలేదు. "దేవుడున్నాడు, భయపడకండి" అని పది రోజులు పిల్లలకి చెప్పినవాణ్ణి, నేనే భయపడి ఫోన్ చెయ్యడం మానేశాను.

ఆటో దిగేసరికి సింహాద్రి పవర్ ప్లాంట్ చిమ్నీలు దూరంగా అలాగే ఉన్నాయి. అత్త గుమ్మంలో నన్ను చూసి, "ఏటి నాయినా, దారి తప్పి ఒచ్చేవా?" అంది. నెట్‌వర్క్, ఎగ్జామ్స్ అని అబద్ధాలు ప్రిపేరయ్యాను. ఒక్కటీ చెప్పలేకపోయాను. ర్యాంక్ సంగతి చెప్పాను.

"మేం నిన్ను రేంకు అడిగేమా? ఆ కిస్మస్‌కి నీకోసం ఎండుసేపలు దాసేను" అంది.

మావయ్య ఇంట్లో లేడు. గుజరాత్‌లో వెరావల్ వెళ్ళాడట, బోటు మీద పనికి. అక్కడ నిషేధం జూన్‌లో గానీ మొదలవదు. వీడియో కాల్‌లో కనిపించాడు. బాగా చిక్కిపోయాడు. "గుంటడు ఒచ్చేడా!" అని గట్టిగా నవ్వాడు.

చెల్లి టెన్త్ పాసయింది. ఎంపీసీ తీసుకోవాలని ఉంది, కానీ భయం. స్కూల్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, పక్క పేజీ తెలుగు ఉండేవి. "ఇంటర్‌లో తెలుగు పేజీ ఉండదంట కదన్నియ్యా" అంది. ఆ ప్రశ్న నాకు బాగా అర్థమైంది. అటువైపు నుంచి నేనూ అదే చూశాను.

ఆదివారాలు వస్తానని, ఇంగ్లీష్ పేజీ నేను చెప్తానని అన్నాను. "తప్పకుండా..." అనబోతుంటే అత్త ఆపేసింది.

"మాటియ్యకు. ఒచ్చీ."

ఇప్పటికి మూడు ఆదివారాలు వెళ్ళాను. ఈ వ్యాసం కూడా ముందు చెల్లే చదివింది. ఒత్తులు తొమ్మిది తప్పులట, ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చింది.