దారి అడిగే నెపం

చారిత్రక నగరాన్ని చూడవచ్చినవారు శిథిలాలతో పాటు ఒకరినొకరు కూడా చూసుకుంటారన్న సంగతిని పర్యాటక గ్రంథాలు పట్టించుకోవు. కట్టడం ఎత్తు, కట్టించినవారి పేరు, కూల్చినవారి పేరు చెప్పి ఊరుకుంటాయి. ఒకప్పటి విజయనగర రాజధాని బండరాళ్ల నడుమ చెదిరి పడివున్న హంపిలో రెండు మూడు రోజులు తిరిగివచ్చినవారికి ఏళ్లు గడిచాక మిగిలేది తరచుగా ఒక గోపురమూ, ఆ గోపురం నీడలో పేరైనా తెలియని ఒకరితో నడిచిన నాలుగు మాటలూను. ఆ నాలుగు మాటలకు కాలం చెల్లిపోతోందన్న చికాకే ఈ వ్యాసానికి మూలం. కర్ర చివర ఫోను తగిలించి తన బొమ్మ తానే తీసుకునేవారూ, అరచేతిలోని పటాన్ని చూసుకుంటూ ఎవరినీ ఏమీ అడగకుండా నడిచిపోయేవారూ పెరిగిన కొద్దీ, ముక్కూమొహం తెలియనివారి మధ్య మాట పుట్టడానికి ఆధారమైన చిన్నచిన్న అవసరాలు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి.

ఈ రకం సంభాషణకు తెలుగులో సరిపడే పేరు వెతకడం కొంత కష్టమే. సరసం అన్నప్పుడు బావామరదళ్ల చనువు గుర్తుకొస్తుంది, పరాచికం అన్నప్పుడు వేళాకోళం ముందుకు వచ్చి ఇష్టం వెనక్కు పోతుంది. ‘మాట కలపడం’ అన్న వాడుక దగ్గరగా వస్తుంది గాని అది సంతలో బేరానికీ సరిపోతుంది. నాట్యశాస్త్రం కైశికీ వృత్తికి, అంటే శృంగారానికి తగిన సుకుమారమైన నటనా పద్ధతికి, నాలుగు అంగాలు చెప్పి మొదటిదాన్ని నర్మం అన్నది. పరిహాసం చాటున ఇష్టాన్ని ఉంచి పలికే మాట నర్మం. నాలుగవ అంగమైన నర్మగర్భం నేటికీ వాడుకలో బతికే ఉంది గాని, పాపం, వార్తాపత్రికల్లో రాజకీయ నాయకుల వ్యాఖ్యల పాలైంది. నర్మానికి వెకిలితనానికి ఉన్న తేడా తెలియడానికి శాస్త్రం అక్కరలేదు: అవతలివారు మాట అందుకుంటే అది నర్మం, అందుకోకపోయినా ఆపకపోతే వెకిలితనం.

తెలుగు సాహిత్యంలో యాత్రికుడెవరని అడిగితే ఏనుగుల వీరాస్వామి పేరు చెప్పడం మర్యాద. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఆయన మజిలీలను, ఊళ్లను, దారి వసతులను ఎంతో ఓపికగా నమోదు చేశాడు. తోటి యాత్రికులతో సరసాలను వెతికేవారికి మాత్రం ఆ గ్రంథంలో పెద్దగా ఏమీ దొరకదు. ఈ వ్యాసానికి పనికివచ్చే యాత్రికుడు అంతకు మూడు వందల ఏళ్ల ముందే, ఇదే విజయనగరంలో, శ్రీకృష్ణదేవరాయల (1509–1529) ఆస్థానంలోని అల్లసాని పెద్దన చేతిలో తయారయ్యాడు. మనుచరిత్రలోని ప్రవరుడు అరుణాస్పదపురం గృహస్థు, నిత్యాగ్నిహోత్రి, దూరదేశాల విశేషాలు చెప్పగల అతిథి దొరికితే వదలనివాడు. ఒక సిద్ధుడు ఇచ్చిన పాదలేపాన్ని, అంటే కాళ్లకు రాసుకుంటే కోరినచోటికి చేర్చే పసరును, పూసుకుని అతడు హిమాలయానికి వెళతాడు; మంచునీటికి పసరు కరిగిపోయి, తిరుగుదారి తెలియక చిక్కుబడతాడు. మండుటెండలో, హంపిలోని విఠలాలయం నుంచి బయటికి వచ్చే తోవ మధ్యలో, ఫోనులో ఛార్జింగ్ అయిపోయినవారికి ఈ ఘట్టం వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

ప్రవరుడు కస్తూరీ కర్పూరమూ కలిసిన తాంబూలపు వాసనను బట్టి మనిషి జాడ పసిగట్టి, ఆ వాసన వెంట పోయి, అచ్చర వరూధినిని చూసి, తన ఊరికి దారి చెప్పమంటాడు. అంత పెద్ద కళ్లున్నవాడికి దారి కనబడకపోవడమేమిటని, ఏకాంతంలో ఉన్న ఆడవాళ్లను పలకరించడానికి అదొక నెపం కాబోలని ఆమె అంటుంది. తెలుగులో నర్మానికి ఇంతకు మించిన ఉదాహరణ చూపడం కష్టం, ఎందుకంటే ఇందులో తప్పు పట్టడం, కళ్లను మెచ్చుకోవడం, మాట పొడిగించడం ఒక్క ఊపిరిలో జరిగిపోయాయి. అసలు చమత్కారం మరొకటి ఉంది. ప్రవరుడు నిజంగానే దారి అడిగాడు. ఇంటి అగ్నిహోత్రం తప్ప అతడికి వేరే ధ్యాస లేదు. దారి అడగడం పలకరింపుకు నెపమన్న సంగతి పదహారవ శతాబ్దపు శ్రోతలకు ముందే తెలిసి ఉండకపోతే ఈ హాస్యం పండేది కాదు, కాబట్టి విజయనగర వీధుల్లో దారులు తెలిసినవారే దారులు అడుగుతూ ఉండేవారని ఊహించడంలో సాహసమేమీ లేదు. పండితులు ప్రవరుడి నిగ్రహాన్ని తరతరాలుగా కొనియాడుతున్నారు. నిగ్రహం సంగతి ఎలా ఉన్నా, అంత చక్కటి ఎత్తిపొడుపుకు ఒక్క నవ్వైనా బదులివ్వని మనిషి తోటి ప్రయాణికుడిగా పనికిరాడని చెప్పక తప్పదు. వరూధినిదీ తప్పే: అతడు వద్దన్న తరువాత కూడా ఆమె ఆగలేదు, కౌగిలించబోయి తోపు తిన్నది. అతడు అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరాడు. ఆమె ప్రవరుడి వేషంలో వచ్చిన గంధర్వుణ్ణి నమ్మింది. వారికి స్వరోచి పుట్టాడు, స్వరోచి కొడుకు స్వారోచిషుడు రెండవ మనువయ్యాడు. ఒక మనువు కాలమైన మన్వంతరమంటే పురాణ గణితం ప్రకారం 30 కోట్ల 67 లక్షల 20 వేల సంవత్సరాలు. ఒక్కడు దారి అడిగినందుకు ఇంత కాలం నడిచింది.

హంపి నేల ఇటువంటి పలకరింపులకు అనువుగా ఉండటానికి కారణం దాని అమరిక. 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ కట్టడాలు ఒక్క ప్రాకారంలో లేవు. విరూపాక్షాలయం ఒక కొసన, విఠలాలయం ఇంకో కొసన, కమలమహలు, ఏనుగుల సాల మరో దిక్కున ఉన్నాయి. విఠలాలయానికీ కమలమహలు ఆవరణకూ ఒకటే టిక్కెట్టు, అదీ ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. ఆటోవాళ్లు కూడా ఇంచుమించు ఒకే వరుసలో తిప్పుతారు కాబట్టి, పొద్దున విఠలాలయానికి పోయే బ్యాటరీ బండిలో ఎదురు సీటులో కూర్చున్నవారే మధ్యాహ్నం కమలమహలు ముందు చెట్టునీడలో కనిపిస్తారు. మొదటిసారి కనిపించినవారిని పలకరించడానికి కారణం కావాలి. రెండోసారి కనిపించినవారిని పలకరించకపోవడానికే కారణం కావాలి.

విఠలాలయంలోని రాతిరథం దగ్గర కొత్తగా మరొక నెపం పుట్టింది. 2017లో వచ్చిన నీలిరంగు యాభై రూపాయల నోటు వెనుక ఆ రథం బొమ్మ ఉన్నందువల్ల, నోటును రథానికి ఎదురుగా పట్టుకుని రెండూ ఒకే చట్రంలో పడేలా ఫోటో తీయడం ఆనవాయితీ అయింది. చాయ్‌కి కూడా ఫోనుతో చెల్లించే ఈ రోజుల్లో జేబులో యాభై నోటు ఉండేవారు అరుదు కనుక, “ఏవండీ, ఒక్క యాభై నోటు ఉంటే ఇస్తారా, మళ్లీ ఇచ్చేస్తాను” అన్న మాట అక్కడ వినబడుతూ ఉంటుంది. అప్పు తీర్చడం రెండో పలకరింపు. ఫోను చేసిన నష్టంలో ఫోనే కొంత పూడ్చిన సందర్భం ఇదొక్కటే కావచ్చు.

ఆ నష్టం ఎంతటిదో తెలియాలంటే రీలు కెమెరాల కాలాన్ని తలచుకోవాలి. రీలుకు 36 బొమ్మలే ఉండేవి, కర్ర ఉండేది కాదు, కాబట్టి తాను కూడా బొమ్మలో పడాలంటే పరాయివారి చేతిలో కెమెరా పెట్టక తప్పేది కాదు. కెమెరా పట్టుకున్నవారికి ఆ నిమిషంలో అసాధారణమైన అధికారం దక్కేది: కొంచెం ఇటు జరగమనవచ్చు, ముంగురులు సవరించుకోమనవచ్చు, కళ్లు మూసుకున్నారు మళ్లీ తీస్తానని అనవచ్చు, ఒక అపరిచితురాలి కళ్ల గురించి ఆమె తల్లిదండ్రుల సమక్షంలో మర్యాదగా వ్యాఖ్యానించగల సందర్భం దేశంలో ఇంకెక్కడా ఉండేది కాదు. బొమ్మ అవతలివారి కెమెరాలో పడితే కథ మరీ రుచిగా ఉండేది. కడిగించి పంపుతామన్నప్పుడు చిరునామా ఇవ్వాలి; టిక్కెట్టు వెనకో, వేరుశనగకాయల పొట్లం కాగితం మీదో పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, 1972లో వచ్చిన పిన్‌కోడ్‌తో సహా రాసి ఇచ్చేవారు. అందులో ‘కేరాఫ్’ అని తండ్రి పేరు తప్పనిసరిగా ఉండేది, అంటే రేపు వచ్చే కవరును ఎవరు విప్పుతారో ముందుగానే తెలిసిపోయేది. అందుచేత ఫోటోతో పంపే ఉత్తరంలో నర్మం అంతా రాతిరథం మీదో, ఎండ మీదో పెట్టి రాయవలసి వచ్చేది. తండ్రికి అది యాత్రావిశేషం, కూతురికి వేరే సంగతి. ఇవాళ అర నిమిషంలో బొమ్మ చేరిపోతుంది. ఆ తరువాత ఎవరికి ఎవరు ఏమి రాయాలి?

కర్నూలు, అనంతపురం, హైదరాబాదుల నుంచి వచ్చే తెలుగు కుటుంబాలు చాలావరకు మంత్రాలయం దర్శనంతో హంపిని జతచేసుకుని వస్తాయి గనుక, పెద్దవాళ్లు వెంట ఉంటారు. ప్రవరుడికి తాంబూలపు వాసన చేసిన పనిని ఇక్కడ పులిహోర వాసన చేస్తుంది. ఆ పైన “అక్కడెక్కకురా, పడతావ్” అన్న కేక వినబడితే సందేహం తీరిపోతుంది. “మీరు తెలుగువాళ్లా?” అన్న ప్రశ్నను కుర్రవాళ్లు వేస్తే, “ఏ ఊరు బాబూ మీది?” అన్న ఎదురుప్రశ్నను పెద్దమ్మ వేస్తుంది, దాని వెనుక ఇంటిపేరు, ఉద్యోగం వరుసగా వస్తాయి. నర్మం విచారణగా మారిపోయినా, పొట్లంలో పులిహోర చేతికి వచ్చిందంటే విచారణలో నెగ్గినట్టే.

పొద్దు వాలే వేళకు అందరూ చేరేది హేమకూటానికి. పార్వతి పంపగా తపస్సు చేసినది ఈ చుట్టుపక్కలనేనని, శివుడు మూడోకన్ను తెరిచి మన్మథుణ్ణి భస్మం చేసినది ఈ గుట్ట మీదేనని స్థానిక ఐతిహ్యం. పంప పేరే కన్నడంలో పకారం హకారంగా మారి హంపె అయింది. పంపా విరూపాక్షుల నిశ్చితార్థం శీతకాలంలో ఫలపూజగా జరుగుతుంది, పెళ్లి వసంతంలో రథోత్సవంతో జరుగుతుంది, నడుమ నెలల తరబడి ఎదురుచూపు. మన్మథుడు కాలిపోయిన బండ మీద వేడి ఇంకా చల్లారకముందే జంటలు, జంటలు కాబోయేవారు, ఒంటరివారు వరుసగా కూర్చుని పడమటికి చూస్తారు. సూర్యుడు దిగేదాకా అందరి ముఖాలూ అటే ఉంటాయి గనుక, పక్కవారిని చూడడానికి అంతకంటే నిశ్చింతైన సమయం లేదు.

మరునాడు హంపి పక్కన పారే నదిని దాటేవారు పుట్టి ఎక్కుతారు. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి బుట్టపడవ. దానికి ముందూ వెనుకా లేకపోవడం వల్ల ఎక్కినవారంతా మోకాళ్లు తగిలేలా ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చోవలసిందే. 1520 ప్రాంతంలో ఇక్కడికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పాయెస్ ఈ బుట్టలను ప్రత్యేకంగా వర్ణించాడు: పేముతో అల్లి, బయట తోలు కప్పేవారట, ఒక్కొక్కదానిలో పదిహేను ఇరవైమంది పట్టేవారట, మిగతా పడవల్లా తిన్నగా పోలేక అవి ఎప్పుడూ గిర్రున తిరుగుతూనే ఉండేవట. తోలు స్థానంలో ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, తారు పూత వచ్చాయి. తిరగడం మాత్రం అలాగే ఉంది.