కువైట్‌లో శుక్రవారము

కువైట్ పేరు వినని ఊరు మా కోనసీమలో లేదు. రాజోలు, మలికిపురం వైపున గాని, ఉమ్మడి కడప జిల్లాలో రాజంపేట, పుల్లంపేట వైపున గాని ఏ వీధిలో క్రొత్త డాబా లేచినా "కువైట్ డబ్బు" అంటారు. ఆ డబ్బు వచ్చే చోటును ఒకసారి చూడవలెనని మాకు చాలాకాలంగా ఉండేది. 2024 మే నెలలో బంధువుల ఆహ్వానం మీద మేమిద్దరము వెళ్ళి పది రోజులు ఉండి వచ్చాము. అక్కడి మేడలను గూర్చి వ్రాయడం లేదు. అవి క్యాలెండర్ల మీద అందరూ చూచినవే.

అక్కడ ఆదివారం పనిదినము, శుక్రవారం సెలవు. కనుక ఆరాధన కూడ శుక్రవారమే. నగరంలో ఖిబ్లా అనే ప్రాంతంలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణ ఉన్నది. చమురు దొరకక పూర్వమే, 20వ శతాబ్దపు ఆరంభంలో అమెరికానుండి అరేబియన్ మిషన్ వారు వచ్చి ఆసుపత్రి పెట్టి ఆ ప్రజల మన్నన పొందారు. ఆసుపత్రి 1967లో మూతపడినది గాని సంఘము నిలిచినది. 1999లో కువైట్ దేశస్థుడైన ఇమ్మానుయేల్ గరీబ్ గారు దానికి కాపరిగా అభిషేకం పొందారు. ఒకే ప్రహరీ లోపల ఎన్నో భాషల సంఘాలు గదులు పంచుకొని, గంటలు పంచుకొని ఆరాధిస్తాయి. ఒక గదిలో మలయాళం, ప్రక్క గదిలో ఫిలిప్పీన్స్ వారి పాట, అవతల మన తెలుగు.

ఆరాధన కాగానే "వందనాలు అయ్యగారూ, మాది సఖినేటిపల్లి", "మాది రైల్వేకోడూరు" అంటూ చుట్టూ చేరారు. తర్వాత మమ్మును మాలియాకు తీసుకొని వెళ్ళారు. శుక్రవారం సాయంకాలం అక్కడ నిలబడితే ఏ కడప బస్టాండులోనో ఉన్నామనిపిస్తుంది. ఇంటికి డబ్బు పంపేవారు, పచ్చళ్ళు కొనేవారు, ఫోనులో పిల్లలను కోప్పడేవారు. అయితే ఇంటి పనికి వచ్చిన స్త్రీలు అందరూ అక్కడికి రాలేరు. వారానికి ఒక దినం సెలవు, దినానికి 12 గంటలకు మించని పని, పాస్‌పోర్టు యజమాని దాచుకొనకూడదు అని 2015లో అక్కడ చట్టం చేశారు. 2016లో కనీస జీతం 60 దినార్లన్నారు. చట్టం మంచిదే. కాని తలుపు లోపల ఏమి జరుగుతుందో చూచేవారు ఎవరు?

వీసాల సంగతి చెప్పాలి. కంపెనీ పనికి వచ్చినవారిది 18వ నంబరు, ఇంటి పనికి వచ్చినవారిది 20వ నంబరు. ఏదైనా సరే, ఆ మనిషిని పిలిపించిన కఫీల్ పేరు మీదనే అకామా ఉంటుంది. మన ఊళ్ళో పని పోతే ఆ పూట దిగులు, మరునాడు ఇంకొకరి గుమ్మం. అక్కడ పని పోతే ఆ దేశంలో ఉండే అనుమతి కూడ పోయే దారిలో పడుతుంది. కఫీల్ ఒప్పుకొనక మరొక ఇంట పనిచేస్తే నేరము. "మా పనిమనిషి కనబడడం లేదు" అని అతడు పోలీసులకు వ్రాసి ఇస్తే అకామా రద్దు. ఆపైన రోజుకు 2 దినార్ల జరిమానా. మేము వెళ్ళిన నాటికి దాని గరిష్ఠం 600 దినార్లు. 2025 జనవరి నుండి జరిమానాలు ఇంకా పెంచారు.

అక్కడి సంఘ పెద్ద ఒకరు 1990 నాటి సంగతి చెప్పారు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగగానే అందరి ఉద్యోగాలూ ఒక్క రోజులో పోయాయి. అమ్మాన్ మీదుగా లక్షా డెబ్బై వేల మంది భారతీయులను విమానాల్లో ఇంటికి తెచ్చారు. "అప్పుడు అందరి కష్టమూ ఒకటే గనుక లోకం చూచింది. ఇప్పుడు ఒక్కొక్కరి కష్టం ఒక్కొక్క గదిలో ఉంది అయ్యగారూ" అన్నారాయన.

అటువంటి గదికి ఒకదానికి వెళ్ళాము. జలీబ్ ప్రాంతంలో, మంచాల మీద మంచాలు వేసి ఎనిమిది మంది స్త్రీలు ఉంటున్నారు. వారిలో మా కోనసీమ సహోదరి ఒకరు. భర్త వైద్యానికి చేసిన అప్పు తీర్చాలని వచ్చి, ఒక ముసలావిడకు సేవ చేసేది. ఆ ముసలావిడ చనిపోయింది. పని అయిపోయినది గనుక ఇంటికి పొమ్మన్నారు. తప్పేమీ లేదు, గొడవా లేదు. అప్పు మాత్రం సగం కూడ తీరలేదు. ఎవరో చూపిస్తే వేరొక ఇంట చేరినది. అటుపైన పరారీ కేసు, అకామా లేదు. గంటల లెక్కన ఇళ్ళు తుడిచి, పోలీసు బండి కనబడితే సందులోకి తిరిగి నాలుగేండ్లు గడిపినది. భర్త పోయినప్పుడు కూడ రాలేకపోయినది.

ఆ రోజులలో క్షమాభిక్ష నడుస్తున్నది. 2024 మార్చి 17 నుండి జూన్ 17 వరకు గడువు, తర్వాత నెలాఖరు వరకు పొడిగించారు. కాగితాలు లేనివారు జరిమానా కట్టకుండా వెళ్ళిపోవచ్చు, మళ్ళీ రావచ్చు. ఉండదలచినవారు జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు. "వెళ్ళిపోమంటారా, ఉండమంటారా అండీ?" అని ఆమె మమ్మును అడిగినది. వెళితే అప్పులవాళ్ళు, నర్సింగు చదివే కూతురి ఫీజు. ఉండాలంటే 600 దినార్లు, పైగా చేర్చుకొనే కఫీల్ కావాలి. ఇంటివద్ద కూర్చుని అప్పులు వద్దని చెప్పడం సులభం. ఆ మంచం అంచున కూర్చుని మేము ఏ సలహా చెప్పలేకపోయాము. మా ఇంటివారు మాత్రం కాగితం తీసుకొని, ఎవరికి ఎంత ఇవ్వాలో, వడ్డీ ఎంతో ఆమె చేత చెప్పించి వ్రాశారు. ఆ లెక్క అంతవరకు ఆమె ఎవరికీ పూర్తిగా చెప్పలేదట.

ఇక్కడ ఒక మాట. మన సంఘాలలో వెళ్ళబోయేవారికి ప్రార్థన చేసి పంపుతున్నాము, మంచిదే. వారి వీసా ఎన్నవ నంబరో కూడ అడుగుదాము. పదవ తరగతి పాస్ కాని స్త్రీ ఇంటి పనికి వెళ్ళాలంటే 30 ఏండ్లు నిండాలి, ఈ-మైగ్రేట్ ద్వారా అనుమతి పొందాలి. ఏజెంట్లు దీనిని తప్పించి విజిట్ వీసా మీద పంపుతారు. అలా వెళ్ళినవారికి ప్రవాసీ భారతీయ బీమా దొరకదు. రెండేండ్లకు 275 రూపాయల ఆ బీమాలో, తన తప్పు లేకుండా మధ్యలో పని పోయినవారికి ఎంబసీ ధ్రువీకరిస్తే తిరుగు టికెట్ కూడ ఇస్తారని చాలామందికి తెలియదు. ఏమీ లేనివారికి 2009లో పెట్టిన సంక్షేమ నిధి నుండి ఎంబసీవారు సహాయం చేయగలరు. ఎంబసీ గుమ్మం తొక్కితే పోలీసులకు అప్పగిస్తారనే భయంతో ఆ సహోదరి నాలుగేండ్లు అటు వెళ్ళలేదు.

జూన్ చివరి వారంలో ఆమె అవుట్‌పాస్ మీద గన్నవరంలో దిగినట్లు ఫోను వచ్చినది. ఇప్పుడు రొయ్యల ప్లాంటులో పనికి వెళుతున్నది. కూతురు చదువు మానలేదు. మొన్న వారి ఇంటికి వెళ్ళినప్పుడు, మస్కట్‌లో మంచి ఇల్లు ఉన్నదని ఏజెంటు రెండుసార్లు వచ్చి వెళ్ళాడని చెప్పినది. అతనికి ఇంకా ఏ మాటా చెప్పలేదట.