980 రూపాయల ముచ్చట

పలాస అనగానే మీకేం గుర్తొస్తుంది? జీడిపప్పే కదూ! పాయసంలోనో, ఉప్మాలోనో నాలుగు పలుకులు వేసేటప్పుడైనా మా ఊరి పేరు తలుచుకునే ఉంటారు. కానీ ఆ పప్పు వచ్చే దారిలో మీరెప్పుడైనా వచ్చారా? రాకపోతే ఈ పూట నాతో రండి. దారి చూపిస్తూ మా ఇంట్లో జరిగిన ఒక ముచ్చట కూడా చెబుతాను. అది బంతాట ముచ్చట. "ఇల్లాలికి ఫుట్‌బాల్‌తో ఏం పనమ్మా?" అని నవ్వకండి. ఖర్చు ఉన్న చోట ఇల్లాలికి పని లేకుండా ఉంటుందా?

శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద ఉత్తరంగా వస్తే ముందు టెక్కలి తగులుతుంది. అక్కడికి దగ్గర్లోనే రావివలసలో ఎండల మల్లన్న ఉన్నాడు. ఆయనకు గుడి పైకప్పు ఉండదు, పేరుకు తగ్గట్టు ఎండలోనే ఉంటాడు. కార్తీకమాసంలో వచ్చారంటే ఆయన్ని చూసుకుని, తేలినీలాపురంలో చెట్ల మీద వాలే విదేశీ పక్షుల్ని కూడా చూడొచ్చు. పిల్లలుంటే తప్పక తీసుకెళ్ళండి. నౌపడ వైపు తిరిగితే ఉప్పు మడులు. మనం కూరలో వేసే చిటికెడు ఉప్పు వెనక ఎంత ఎండ ఉందో అక్కడ తెలుస్తుంది.

ఇంకాస్త ముందుకొస్తే పలాస, కాశీబుగ్గ. రెండూ కలిసిపోయిన ఊళ్ళు. రైలు స్టేషను పలాసలో, బజారు కాశీబుగ్గలో. వీధి వీధికీ జీడి ఫ్యాక్టరీలే. పిక్కల్ని ఉడికించి, పగలగొట్టి, వేడి గదుల్లో ఆరబెట్టి, పొట్టు ఒలిచి, గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేస్తారు. ఒలిచే చేతులు దాదాపు అన్నీ ఆడవాళ్ళవే. కిలోల లెక్కన కూలి. నేనూ కొన్నాళ్ళు ఒలిచాను కనుక చెబుతున్నాను, సాయంత్రానికి వేళ్ళ కొనలు మంట పుడతాయి.

అక్కడి నుంచి తూర్పుగా, సముద్రం వైపు మళ్ళితే మా ఉద్దానం. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి... ఒకప్పుడు దారి పొడుగునా ఎండ తగిలేది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా వజ్రపుకొత్తూరు మండలం తీరం దగ్గరే ఒడ్డెక్కింది. తెల్లారి తలుపు తీస్తే చెట్లు లేవు, ఆకాశం కనిపించింది. మా తోటలో 120 కొబ్బరి చెట్లుండేవి, 80 పడిపోయాయి. కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి అయిదారేళ్ళు పడుతుంది. జీడిపిక్కలకి చూస్తే 80 కిలోల బస్తా లెక్కన వ్యాపారి చెప్పిందే ధర. మా వారు పని వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళారు. మా వైపు ఇంటికొకరు అలా వెళ్ళినవాళ్ళే.

దీనికి తోడు మా ఉద్దానానికి ఉన్న శాపం మీరూ పేపర్లలో చదివే ఉంటారు, కిడ్నీ జబ్బు. మా మావయ్యగారికి అప్పట్లో సోమవారం, గురువారం పలాసలో డయాలసిస్. పలాసలో ఇప్పుడున్న పెద్ద కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో వచ్చింది, నేను చెప్పేది అంతకు ముందు సంగతి. ఆటో ఖర్చులు, మందులు, తాగడానికి కొనుక్కునే నీళ్ళ డబ్బాలు. ఇలాంటి ఇంట్లో నా కూతురు ఒకనాడు వచ్చి, "అమ్మా, భువనేశ్వర్‌లో ఆడపిల్లల ఫుట్‌బాల్ ప్రపంచ కప్పంట, మనం వెళ్దామా?" అంది.

2022లో అది తొమ్మిదో తరగతి. బళ్ళో సారు ఒక్క బంతి తెచ్చి ఆడపిల్లలకిచ్చారు. సెలవు రోజున సముద్రపు ఒడ్డు ఇసకలో ఆ బంతితో ఒకటే పరుగులు. 17 ఏళ్ళ లోపు అమ్మాయిల ప్రపంచ కప్పు ఆ ఏడు మన దేశంలోనే పెట్టారు. మన జట్టు మొదటి ఆట అమెరికాతో, అక్టోబరు 11 రాత్రి 8 గంటలకి, కళింగ స్టేడియంలో. తేదీ చూశారా? తిత్లీ వచ్చిన రోజే, సరిగ్గా నాలుగేళ్ళకి.

మా అత్తగారు వినగానే, "ఏటే, బంతాట సూడ్డానికి భువనేశ్వరమా! మందులకి లేకపోతే మనమేటి సేస్తాం?" అన్నారు. ఆవిడ మాటలో తప్పు లేదు. నేనూ వద్దనే అన్నాను. ఆ రాత్రి పిల్ల అన్నం తినకుండా పడుకుంది. పొద్దున్న మావయ్యగారు తలగడ కింద నుంచి 500 నోటు తీసి నా చేతిలో పెట్టారు. "కొబ్బరికాయల డబ్బులే. నానెలాగూ కదల్లేను. గుంటని తీసుకెళ్ళు, వచ్చి నాకు సెప్పండి" అన్నారు.

ఇక నేను లెక్క వేశాను. ఇల్లాలి లెక్క కదా, ఎక్కడ తగ్గుతుందో మనకే తెలుస్తుంది. మా ఊరి నుంచి పలాసకి ఆటో, రానూ పోనూ ఇద్దరికీ 80. జనరల్ పెట్టెలో రైలు టిక్కెట్లు 380. ఆట టిక్కెట్లు, భువనేశ్వర్‌లో ఆటోలు కలిపి 400. టీలకీ, పొద్దుటి ఇడ్లీలకీ 120. మొత్తం 980. భోజనం లెక్కలో లేదు, పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాం. మావయ్యగారి 500 పోగా మిగతాది నా పోపుల డబ్బాలోది.

పిల్లకి ఆటగాళ్ళు వేసుకునే జెర్సీ కావాలి. అసలుది వేలల్లో, బజారు నకలు కూడా రెండు మూడు వందలు. పాత నీలం బనియనుకి వెనక తెల్ల గుడ్డతో 10 అంకె కత్తిరించి గొలుసు కుట్టు వేశాను. మీరూ చెయ్యొచ్చు. అంకెని ముందు కాగితం మీద గీసి కత్తిరించుకుంటే వంకర రాదు.

పలాసలో మధ్యాహ్నం రైలెక్కాం. మందస దాటేదాకా ఎడమ వైపు మహేంద్రగిరి కనిపిస్తుంది. సోంపేట, ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. బరంపురం తర్వాత రంభ నుంచి చిలక సరస్సు. పట్టాల పక్కనే నీళ్ళు, పడవలు. పిల్ల కిటికీ వదల్లేదు. నాకు మాత్రం చిన్నప్పటి 1990 ప్రపంచ కప్పు గుర్తొచ్చింది. వీధికి ఒక్క టీవీ ఉండేది. దూరదర్శన్‌లో ఆట వస్తుంటే వాకిట్లో చాపేసుకుని కూర్చునేవాళ్ళం. కామెరూన్ ఆటగాడు రోజర్ మిల్లా 38 ఏళ్ళ వయసులో గోలు కొట్టి జెండా దగ్గర చిందేస్తే మేమూ వాకిట్లో చిందేశాం. ఖర్చు పైసా లేదు.

ఇక ఆట సంగతి. దాచడం దేనికి, మనవాళ్ళు 0-8తో ఓడిపోయారు. అమెరికా అమ్మాయిలు గుర్రాల్లా పరిగెత్తారు. నా పక్కన కూర్చున్న ఒడియా ఆవిడ ఒక్కో గోలుకీ తల కొట్టుకుంటోంది. మేం ఒకరి భాష ఒకరికి రాకుండానే పులిహోర, ఆవిడ తెచ్చిన మరమరాలు పంచుకున్నాం. మన జట్టు నాయకురాలు అష్టమ్ ఉరావ్, జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా పల్లెటూరి పిల్ల. తల్లిదండ్రులు కూలి చేసుకునేవాళ్ళు. ఆమె పేరు చెప్పి ఊరికి రోడ్డు వేస్తుంటే ఆ రోడ్డు పనికి కన్నవాళ్ళే కూలికి వెళ్ళారని ఆ రోజుల్లోనే పేపర్లో వచ్చింది. అది చదివి నాకు కళ్ళు తిరిగాయి. చూడ్డానికి వెళ్ళిన నాకు 980 ఎక్కువనిపించింది. మరి ఆడించడానికి ఆ తల్లి ఏం లెక్క వేసుకుందో!

రాత్రి స్టేషనులో ఆడవాళ్ళ గదిలో నడుం వాల్చి, తెల్లవారుజామున రైలెక్కాం. ఇంటికి రాగానే అత్తగారు అడిగిన మొదటి మాట, "గెలిసారా?" లేదన్నాను. "ఎన్ని పడ్డాయి?" ఎనిమిదన్నాను. "మరి డబ్బులు తిరిగిస్తారా?"

మావయ్యగారు మంచం మీద నుంచే పెద్దగా నవ్వారు. చాలా రోజులకి ఆ నవ్వు విన్నాం. "తుపానుకి మన చెట్లు 80 పడిపోలేదా? వాళ్ళకి ఎనిమిదే కదే" అన్నారు. తర్వాత పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆటంతా మొదటి నుంచి చెప్పించుకున్నారు. మర్నాడు గురువారం, డయాలసిస్‌కి ఆటోలో వెళ్తూ కూడా అదే కబురు.

ఈ రోజుల్లో అభిమానం ఎంత ఖరీదైందో మీకూ తెలుసు. 2025 డిసెంబరు 13న మెస్సీ కలకత్తా వచ్చినప్పుడు వేలు పోసి టిక్కెట్లు కొన్నవాళ్ళు ఆయన్ని సరిగ్గా చూడలేక, కోపంతో కుర్చీలు విసిరారు. మా వారు అక్కడే ఉన్నా వెళ్ళలేదు, నెల జీతం పెట్టి చూసేది ఏముందన్నారు. 2026 ప్రపంచ కప్పుకైతే గిరాకీని బట్టి టిక్కెట్టు ధర మారే పద్ధతి పెట్టారు. పండగ ముందు రోజు బజారులో పూల ధర లాగా అన్నమాట! జెర్సీ ఏడాదికొక రంగు, ఫోనులో చూడాలంటే చందా. పిల్లలు అడిగినవన్నీ కొనలేం.

అలాగని అన్నిటికీ వద్దనడం కూడా సరికాదని ఆ ప్రయాణం నాకు చెప్పింది. మేమిప్పుడు ఇంట్లో ఒక పాత బోర్న్‌విటా డబ్బా పెట్టుకున్నాం. పేరు "ఆట డబ్బా". కొబ్బరికాయలు అమ్మిన రోజున పది, ఇరవై అందులో వేస్తాం. మందుల డబ్బు ముట్టం, అందులోది మందులకి తియ్యం. ఏడాది నిండాక ఎంత ఉంటే అంతలోనే ముచ్చట. మీరూ ప్రయత్నించి చూడండి.

మావయ్యగారు 2024లో పోయారు. ఆయన పెట్టించిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే పూత పడుతున్నాయి. కూతురు కాలేజీకి వెళ్తోంది. ఆదివారాలు చిన్నపిల్లల్ని పోగేసి ఇసకలో బంతాట నేర్పుతోంది. ఒలింపిక్స్‌లో 2000లో పతకం తెచ్చిన మల్లీశ్వరిది మా జిల్లా ఆమదాలవలసే కదా, చూద్దాం, మా ఇసకలోంచి ఎవరొస్తారో!

మీరు మా వైపు వస్తే శివసాగర్ బీచ్‌కి సాయంత్రం వెళ్ళండి, బారువ తీరం చూడండి. మందస వాసుదేవ పెరుమాళ్ళని దర్శించుకుని కోవా రుచి చూడండి. కాశీబుగ్గలో జీడిపప్పు కొంటే గుండు కోసం పట్టుబట్టకండి. పాయసానికీ, కూరకీ బద్ద చాలు, ధర తక్కువ, రుచి ఒకటే. మిగిలిన డబ్బుతో ఏం చెయ్యాలో మీకు నేను వేరే చెప్పాలా?