తోకలు గాలికి తిప్పి

రెండు వారాలుగా ఏమీ రాయలేదేమని కొందరు అడిగారు. అమ్మగారితో కలిసి అమెరికాలో, యూటా రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. వాడికీ నాకూ మూడేళ్లుగా సరిగా మాటల్లేవని మీలో పెద్దవాళ్లకు తెలుసు. ఫోను ఎప్పుడూ అమ్మగారి చేతిలోనే. "నాన్న బాగున్నారా" అని వాడు అడిగితే ఆవిడ నాకు చేరవేసేవారు.

పోయిన శనివారం వాడే, "అడవి గుర్రాల్ని చూసొద్దాం రా నాన్నా" అన్నాడు. అమ్మగారు మోకాలు నొప్పని ఇంట్లో ఉండిపోయారు. నొప్పి నిజమే గానీ, ఆ రోజు అంత లేదు.

సాల్ట్ లేక్ సిటీకి నైరుతిగా ఒనాకీ కొండల పక్కన దాదాపు 5,000 అడుగుల ఎత్తులో ఎడారి. ఎడారంటే ఇసుక అనుకున్నాను. కాదు, కనుచూపు మేర సేజ్‌బ్రష్ అనే బూడిదరంగు తుప్పలు. మన దవనం జాతిదేనట. 1860-61లో పోనీ ఎక్స్‌ప్రెస్ వాళ్లు గుర్రాల మీద ఉత్తరాలు మోసిన దారి ఇప్పటికీ మట్టిరోడ్డే. నా నడుం సాక్షి.

బయలుదేరినప్పుడు ఎండ. అక్కడికి చేరేసరికి గాలి. ఇరవైకి పైగా గుర్రాలు మేస్తున్నాయి. ఎర్రవి, నల్లవి, బొల్లివి. ఒకదానికి మెడంతా గాట్లు. ఆడగుర్రం డొక్క కింద నాలుగైదు రోజుల పిల్ల, కాళ్లే తప్ప ఒళ్లు లేదు. వంద అడుగుల దూరం పాటించాలని వాడు నన్ను ఆపాడు.

మస్టాంగ్ అన్న మాట స్పానిష్ వాళ్లదట, యజమాని లేని పశువని అర్థం. గుర్రం పుట్టింది ఆ ఖండంలోనే. సుమారు పదివేల ఏళ్ల కిందట అక్కడ అంతరించిపోతే, 1500ల్లో స్పెయిన్ వాళ్లు ఓడల్లో మళ్లీ తెచ్చారు. తప్పించుకున్నవీ వదిలేసినవీ మందలయ్యాయి. 1971లో చట్టం చేసి కాపాడారు. అయినా 2021లో కరువని, మేత చాలదని ఈ మందలోంచే హెలికాప్టర్లతో తోలి చాలావాటిని పట్టుకెళ్లారు.

దూరంగా నాలుగు మగ గుర్రాలు విడిగా తిరుగుతున్నాయి. అవెందుకు కలవవని అడిగాను. "రెండు మూడేళ్లు రాగానే తండ్రి గుర్రం తరిమేస్తుంది నాన్నా. కుర్రవన్నీ ఒక జట్టుగా బతుకుతాయి" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నేను మాత్రం అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. తప్పిపోయిన కుమారుడి మీద ఎన్నిసార్లు ప్రసంగించానో మీకు తెలుసు. అందులో కొడుకు తనంతట తాను వెళ్లాడు. మా ఇంట్లో అలా జరగలేదు. బైబిలు కాలేజీకి వెళ్లనన్న రోజు, ఈ గడప తొక్కొద్దని అన్నది నేను.

అంతలో పడమటి కొండ కనపడకుండా పోయింది. సగ్గుబియ్యంలాంటి మంచు గుళ్లు కారు మీద టపటపా. కళ్లాల్లో మిరపకాయలుండగా చైత్రమాసంలో వాన పడితే మనం పట్టాలు పట్టుకుని ఎలా పరిగెడతామో! ఆ గుర్రాలు పరిగెత్తలేదు. తోకలు గాలికి తిప్పి, తలలు దించి, దగ్గరగా నిలబడ్డాయి. తల్లి పక్కకు జరిగి పిల్లకు గాలి తగలకుండా అడ్డం నిలిచింది. ఆ నాలుగు కుర్రవీ ఒకదాన్నొకటి ఆనుకుని, ఇప్పుడు మందకు కాస్త దగ్గరగా ఉన్నాయి. మెడకు గాట్లున్న గుర్రం వాటిని చూసింది, కదల్లేదు.

"ఆ గడప మాట నేననకుండా ఉండాల్సిందిరా" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. కారులో వేడిగాలి నా కాళ్ల వైపు తిప్పాడు. తర్వాత, "నేనూ అమ్మ ముందు అలా అరవకుండా ఉండాల్సింది" అన్నాడు.

పావుగంటలో మళ్లీ ఎండ. అద్దం దించితే తడిసిన తుప్పల ఘాటు వాసన. పిల్ల ఒళ్లు దులుపుకుని పాలకు ఎగబడింది. అమ్మగారు కట్టిచ్చిన పులిహోర డబ్బా అప్పుడు తీశాం. స్పూను ఒక్కటే పెట్టారు.